మాట, కోత, రాత



ఛందస్సు గురించో, సామెతల గురించో వ్రాసుకునే ఈ పుటలో దంతవైద్యం ప్రసక్తి చూచి మీరు ఆశ్చర్యపోవచ్చు. "పంతులుగారికి పళ్ళతో ఏమి పని?" అని ఒకరిద్దరు చమత్కరించినా తప్పు పట్టను. నాకు కత్తి పట్టడం రాదు. అయినా కత్తి పట్టబోయే పిల్లలకు నేను ఒక మాట బాకీ ఉన్నాను. ఆ బాకీ ఏమిటో ఈ టపా సగానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

సంక్రాంతి సెలవులకు మా అన్నయ్య మనవరాలు మా ఇంటికి వచ్చింది. బి.డి.ఎస్. చివరి సంవత్సరం చదువుతున్నది. వసారాలో అటూ ఇటూ తిరుగుతూ పరీక్షకు పాఠం వల్లె వేస్తున్నది. నోటిలోని పుండు నుండో, మచ్చ నుండో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించే పద్ధతులు, అనగా బయాప్సీ, ఆనాటి పాఠం. అంతా ఆంగ్లమే. తప్పు లేదు, పరీక్ష ఆ భాషలోనే గదా. నేను ఊరుకోలేక, "తల్లీ, ఇదంతా నాకు తెలుగులో చెప్పు చూద్దాం" అన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. "తెలుగులో ఎప్పుడూ చెప్పలేదు తాతయ్యా" అన్నది.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. అందుకే ఈ టపా.

ముందుగా ఆ పాఠం ఏమిటో చెప్పాలి. ఆ పిల్లను గంటసేపు కూర్చోబెట్టి, ప్రశ్న మీద ప్రశ్న వేసి రాబట్టిన సారాంశం ఇది. బయాప్సీ అన్నది గ్రీకు మూలాల నుండి కూర్చిన మాట. 'బయోస్' అంటే జీవం, 'ఆప్సిస్' అంటే చూపు. ఈ మాటను 1879లో వైద్యభాషలో ప్రవేశపెట్టినవాడు ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే. జీవించి ఉన్న మనిషి నుండి తీసి చూచే పరీక్ష అని తాత్పర్యం.

నోటిలో ఏ పుండైనా రెండు వారాలలో మానకపోతే దానిని అనుమానించాలి. విరిగిన పంటి మొన గీసుకునో, కట్టుడుపళ్ళు ఒరుసుకునో వచ్చిన పుండైతే ముందు ఆ మొనను అరగదీసి, ఆ పళ్ళను సరిచేసి, రెండు వారాలు చూస్తారు. అప్పటికీ మానకపోతే ముక్క తీయవలసిందే. మచ్చ చిన్నదై, సుమారు 1 సెంటీమీటరుకు లోబడి, నిరపాయకరంగా కనిపిస్తే చుట్టూ కొంచెం మంచి కండతో సహా మొత్తం తీసివేస్తారు. పెద్దదైనా, చూడగానే అనుమానం గట్టిగా కలిగినా, కొంత భాగమే తీస్తారు. "అనుమానం గట్టిదైతే మొత్తం తీసివేయడమే మంచిది కదా?" అని అడిగాను. "కాదు తాతయ్యా. అది క్యాన్సరే అయితే తర్వాత ఆపరేషన్ చేసే సర్జన్‌కు దాని అసలు హద్దులు కనబడాలి. మేము పైపైన చెరిపేస్తే ఎంత మేర తీయాలో ఆయనకు తెలియదు" అన్నది. బాగున్నది.

ముక్క ఎక్కడ నుండి తీయాలన్నది ఇంకా ముఖ్యం. పుండు నడిమధ్య నుండి తీస్తే అక్కడ చచ్చిన కండ తప్ప ఏమీ ఉండదు. చెదలు పట్టిన తలుపు సంగతి మనకు తెలిసినదే. మధ్యలో మట్టే రాలుతుంది. పురుగు ఇప్పుడు ఎక్కడ తింటున్నదో చూడాలంటే చెడిన చెక్కకు, మంచి చెక్కకు నడుమనున్న అంచును చూడాలి. అందుకని అంచున, కొంచెం మంచి కండ కూడా వచ్చేటట్లు తీస్తారు. వెడల్పుగా పైపైన గీరడం కన్నా సన్నగా లోతుగా తీయడం మేలు. చెడిన కణాలు పైపొరలోనే ఉన్నవా, గట్టు దాటి క్రిందికి దిగినవా అన్నదే అసలు ప్రశ్న గనుక. తెలుపు, ఎరుపు కలిసిన మచ్చ అయితే ఎరుపు భాగాన్ని వదలకూడదు. తెల్లమచ్చ కన్నా ఎర్రమచ్చలోనే అపాయం ఎక్కువగా దాగి ఉంటుంది.

మత్తు సూదిని పుండులోకి గుచ్చరు. చుట్టూ, కొంచెం ఎడంగా ఇస్తారు. మందు నీరు చేరితే ముక్క ఉబ్బి, పరీక్షలో రూపం మారిపోతుంది. పట్టకారుతో గట్టిగా పట్టినా కణాలు నలిగిపోతాయి. నలిగిన ఆకులో ఈనెలు చూడగలమా? అందుకే దారం వేసి దానితో మెల్లగా పైకెత్తి కోస్తారు. కోత కంటి ఆకారంలో, పొడవు వెడల్పుకు మూడింతలు ఉండేటట్లు చేస్తే కుట్లు చక్కగా కలుస్తాయి. అంగిట్లో మాత్రం కండ ఎముకకు అంటుకొని బిగువుగా ఉండటం వలన కుట్టు కలవదు. రక్తం ఆపి, పైన కప్పు వేసి, దానంతట అది మానేటట్లు విడుస్తారు. తీసిన ముక్కను వెంటనే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో, ముక్క పరిమాణానికి కనీసం పది ఇరవై రెట్లు ద్రావణం ఉండేటట్లు వేయాలి. మంచినీళ్ళలోనో సెలైన్‌లోనో వేస్తే ముక్క పాడై, మనిషి పడిన నొప్పి అంతా వృథా అవుతుంది.

ఇదంతా ఆ పిల్లకు కంఠతా వచ్చు. నేను మెచ్చుకున్నాను కూడా. తరువాత అడిగాను: "ఇంతకూ ఆ కుర్చీలో కూర్చున్న మనిషితో ఏమి చెప్తావు?" "బయాప్సీ చేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి అంటాం తాతయ్యా."

ఇక నా బాకీ సంగతి.

మా మేనత్తది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక పల్లె. ఆమె అడ్డపొగ త్రాగేది. తెలియని మిత్రుల కోసం: చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చడాన్ని మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం తీరంలో ఇది ముఖ్యంగా ఆడవారి అలవాటు. ఆ వేడి, ఆ పొగ సూటిగా అంగిటికి తగులుతాయి. ప్రపంచంలో చాలా చోట్ల అంగిట్లో క్యాన్సర్ అరుదు. మా తీరంలో అరుదు కాదు. డెన్మార్కు నుండి పిండ్‌బోర్గ్, బొంబాయి నుండి మెహతా మొదలైన పరిశోధకులు ఆంధ్ర పల్లెలలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, ఈ అడ్డపొగ అంగిటిని ఏమి చేస్తుందో 1971లో ప్రకటించారు. అంటే మా మేనత్త వంటి వారి అంగిళ్ళ గురించి ప్రపంచ వైద్యశాస్త్రానికి అప్పటికే తెలుసు. మా మేనత్తకు మాత్రం తెలియదు. చెప్పినవారు లేరు.

1996లో ఆమె అంగిట్లో పుండు లేచింది. అన్నం మింగడం కష్టమైతే నేనే వెంటబెట్టుకొని పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. అక్కడి కుర్ర డాక్టరు మంచివాడే. నోరు తెరిపించి చూచి, ముఖం గంభీరంగా పెట్టి, "ముక్క కోసి టెస్టుకు పంపాలి. క్యాన్సర్ అవునో కాదో చూడాలి" అన్నాడు. అంతే. మా మేనత్త కుర్చీలో నుండి లేచి నిలబడింది. "లెగరా బాబూ, ఎల్లిపోదాం. కత్తి తగిల్తే రాచపుండు రేగిపోద్ది" అన్నది. డాక్టరు నా వైపు చూచాడు. నేను ఆమె వైపు చూచాను. అప్పటికి పదేళ్ళుగా పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతున్నాను. ప్రబంధాలకు ప్రతిపదార్థాలు చెప్పగలను. ఆ నిమిషంలో మా మేనత్తకు చెప్పవలసిన నాలుగు తెలుగు వాక్యాలు నాకు దొరకలేదు. బస్సు ఎక్కి వచ్చేశాము. ఎనిమిది నెలల తరువాత మళ్ళీ తీసుకువెళ్ళేసరికి మెడలో గడ్డలు వచ్చి ఉన్నవి. ఆ మరుసటి ఏడు వేసవిలో ఆమె పోయింది.

డాక్టరుది తప్పని నేను అనను. ఆయనకు ఎవరూ నేర్పలేదు. కత్తి ఎలా పట్టాలో నేర్పారు. కత్తికి ముందు రావలసిన మాట నేర్పలేదు. ఆ మాట కూడా శస్త్రవిధానంలో భాగమేనన్నది నా వాదం. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మత్తు సూది ఎక్కడ గుచ్చాలన్నది ఎంత విధానమో, ఇదీ అంత విధానమే. మనిషి కుర్చీలో నుండి లేచి వెళ్ళిపోతే దారం వేసి ముక్కను ఎత్తే నేర్పు ఎవరికి ఉపయోగం?

మా మేనత్త భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ భయానికి ఒక కారణం ఉన్నది. పల్లెవాళ్ళు ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తారు. అప్పటికే వ్యాధి లోపల పాకి ఉంటుంది. ముక్క తీస్తారు. నెల తిరగకుండా గడ్డలు బయటపడతాయి. చూచినవారికి కత్తి ముందు, గడ్డ తరువాత. కనుక కత్తి వలన గడ్డ వచ్చిందని నమ్ముతారు. ఇది తర్కంలో పొరపాటే గాని తెలివితక్కువతనం కాదు. పైగా వైద్యగ్రంథాలు కూడా అన్ని చోట్లా కత్తి పెట్టమని చెప్పవు. చెవి ముందర ఉండే లాలాజల గ్రంథిలో గడ్డ ఉంటే నోటిపుండులో వలె కోసి ముక్క తీయరు. కణాలు చెదిరే ప్రమాదం, ముఖాన్ని కదిలించే నరం తెగే ప్రమాదం రెండూ ఉన్నవి. అక్కడ సన్నని సూదితో కణాలు పీల్చి చూస్తారు. నాడిలా కొట్టుకునే వాపు ఉంటే అది రక్తనాళాల గడ్డ కావచ్చు గనుక కత్తి పెట్టనే పెట్టరు. దవడ ఎముకలోని గడ్డలను తెరిచే ముందు సూదితో పీల్చి లోపల రక్తం ఉన్నదా అని చూచుకుంటారు. మరి ఇంత జాగ్రత్త శాస్త్రంలోనే ఉన్నప్పుడు, "నీ భయం మాకూ తెలుసునమ్మా. ఎక్కడ కత్తి పెట్టకూడదో మేము చదువుకున్నాం. నీ అంగిట్లో పుండు అటువంటిది కాదు. దీనికి కోత వలన చెరుపు లేదు, ఆలస్యం వలననే చెరుపు" అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది?

ఇక ఏ మాటతో చెప్పాలన్నది. ఇక్కడ నా తోటి తెలుగు పండితులతో నాకు కొంచెం పేచీ ఉన్నది. బయాప్సీని తెలుగు చేయమంటే మనం వెంటనే 'జీవకణజాల పరీక్ష' అంటాం. సమాసం శుద్ధమే. అది మా మేనత్తకు చెప్పి ఉంటే గ్రీకు చెప్పినట్లే ఉండేది. నేను చూచిన ఒక సమ్మతిపత్రంలో వాక్యం పదకొండు పంక్తులు సాగి, చివరకు క్రియ లేకుండా ముగిసింది. దాని క్రింద వేలిముద్ర ఉన్నది. ఏమి అర్థమై వేసి ఉంటారు? జనం ఈ పరీక్షకు తమంత తామే పేరు పెట్టుకున్నారు: ముక్క పరీక్ష. అది చాలు. అయితే 'ముక్క కోయడం' అనగానే మాంసం దుకాణం కళ్ళ ముందు కదులుతుంది. కనుక ఎంత ముక్కో వెంటనే చెప్పాలి. మినపగింజంత. ఆ ఒక్క మాటతో సగం భయం పోతుంది. బయాప్సీ, క్యాన్సర్ అన్న మాటలను కూడా దాచనక్కరలేదు. రేపు కాగితం మీద అవే ఉంటాయి. ముందు తెలిసిన మాట చెప్పి, తరువాత ఆ మాటను పరిచయం చేస్తే చాలు.

కత్తికి ముందు మాట ఎంత ముఖ్యమో, కత్తి తరువాత రాత అంత ముఖ్యం. ముక్కను సీసాలో వేసి పంపితే సరిపోదు. ఆ సీసాతో వెళ్ళే కాగితాన్ని చదివేవాడు రోగిని చూడలేదు, నోటిని చూడలేదు. అతని ముందు గాజుపలక మాత్రమే ఉన్నది. వయస్సు, అలవాటు, పుండు ఎంత కాలంగా ఉన్నది, ఎంత పెద్దది, ఏ రంగు, ఏ చోటు నుండి తీశారు, వైద్యునికి ఏమి అనుమానం, ఇవన్నీ వ్రాయాలి. ముక్కకు ఏ కొస ముందరిదో తెలియడానికి ఒక కుట్టు గుర్తు వేసి, ఆ సంగతీ వ్రాయాలి. రోగి పేరు సీసా మీద ఉండాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. మా మనవరాలు తాను అభ్యాసానికి నింపిన కాగితం చూపించింది. అలవాట్ల గడిలో 'పొగ త్రాగును' అని ఉన్నది. "ఏ పొగ? అడ్డపొగా, నిలువు పొగా?" అన్నాను. నాలిక కరుచుకున్నది. ఆ ఒక్క విశేషణం లేకపోతే అంగిట్లో ఆ మచ్చ ఎందుకు వచ్చిందో చదివేవానికి సగమే తెలుస్తుంది. బడిలో లేఖారచన నేర్పినప్పుడు నేను పిల్లలకు చెప్పిన సూత్రం ఇదే: ఎదుటివాడు చూడనిది నీవు వ్రాయాలి. అతనికి తెలిసినది వ్రాయనక్కరలేదు.

తిరిగి వచ్చిన రిపోర్టును రోగికి చదివి చెప్పడం మరొక మాట. 'డిస్‌ప్లాసియా' అని వస్తే అది క్యాన్సర్ కాదు, కణాలు క్రమం తప్పుతున్నవని హెచ్చరిక. ఆ తేడా చెప్పకపోతే ఒకరు భయంతో మంచం పడతారు, మరొకరు 'క్యాన్సర్ కాదట' అని మళ్ళీ చుట్ట వెలిగిస్తారు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా, కంటికి అనుమానం అలాగే ఉంటే మళ్ళీ ముక్క తీయవలసి ఉంటుంది. ముక్కలో లేదంటే నోటిలో లేదని అర్థం కాదు. ఈ సంగతి మొదటి రోజునే చెప్పి ఉంచితే, రెండవసారి పిలిచినప్పుడు "మొదటిసారి సరిగా చేయలేదు కాబోలు" అన్న అపనమ్మకం రాదు.

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. మా మనవరాలే రెండు చెప్పింది. ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉదయం పూట వరుసలో పదుల సంఖ్యలో మనుషులుంటారు, సమయం ఎక్కడిది? నిజమే. కాని నేను అడిగే మాటలకు రెండు నిమిషాలు చాలు. వెళ్ళిపోయిన మనిషి ఎనిమిది నెలల తరువాత వస్తే పట్టే సమయం అంతకన్నా ఎన్నో రెట్లు. రెండు, మాటలతో జనం మారతారా అన్నది. దీనికి జవాబు మా జిల్లాలోనే ఉన్నది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో పొగాకు వాడే 36,000 మందితో పరిశోధకులు కొన్నేళ్ళపాటు పనిచేశారు. ఇంటింటికీ వెళ్ళి, నోరు చూచి, మాట చెప్పి, పొగాకు మానమన్నారు. ఐదేళ్ళు గడిచాక చూస్తే, అలా చెప్పించుకోని వారి కన్నా వీరిలో మానినవారు, బాగా తగ్గించినవారు ఎక్కువగా కనిపించారు. 1986లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పొగాకు మాన్పించగలిగిన మాట, ఒక మనిషిని రెండు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టలేదా?

మన ప్రాచీనులు అభ్యాసానికి ఎంత విలువ ఇచ్చారో చూడండి. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 'యోగ్య' అని ఒక అధ్యాయమే ఉన్నది. శిష్యుడు మనిషి మీద చేయి వేయక ముందు బూడిదగుమ్మడి, సొరకాయ, దోసకాయల మీద కోత అభ్యసించాలి. తామరతూడు మీద సిరను గుచ్చడం, గుడ్డ మీద, మెత్తని తోలు మీద కుట్టడం నేర్వాలి. ఎంత చదివినా ఇది చేయనివాడు పనికి అయోగ్యుడని గ్రంథకారుని మతం. నేటి కళాశాలల్లో కూడా కోతకు, కుట్టుకు అభ్యాసం ఉన్నది. మాటకు లేదు. కనుక నా ప్రతిపాదన చిన్నది. ప్రతి దంతవైద్య విద్యార్థి కత్తి పట్టక ముందు, తోటి విద్యార్థిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్క పరీక్ష గురించి తెలుగులో చెప్పాలి. విన్నవాడు తనకు ఏమి అర్థమైనదో తిరిగి చెప్పాలి. వీలైతే ఆ వినేవాడు ఆసుపత్రి ఆయా కావాలి. ఆమెకు అర్థమైతే పది మార్కులు వేయాలి. దీనికి పరికరం కొననక్కరలేదు, కొత్త గది కట్టనక్కరలేదు.

మా మనవరాలు మూడు రోజులు కూర్చొని, కొట్టివేతలు, దిద్దుబాట్లు అయ్యాక, ఇలా వ్రాసుకున్నది. మా ప్రాంతపు యాస ఆమెకు రాదు గనుక మామూలు మాటల్లోనే:

"అమ్మా, నీ అంగిట్లో పుండు రెండు వారాలు దాటినా మానలేదు. అది ఏమిటో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని దాని అంచు నుండి మినపగింజంత ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ముందు చుట్టూ మత్తు సూది ఇస్తాం, అది చురుక్కుమంటుంది. తర్వాత నొప్పి ఉండదు, లాగినట్లు మాత్రం తెలుస్తుంది. రక్తం ఆగేదాకా నిన్ను పంపం. కత్తి తగిలితే పెరుగుతుందని నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. ఈ పుండు విషయంలో అది నిజం కాదు. ఇది చెడ్డ పుండే అయితే అది మనం కోసినా కోయకపోయినా పెరుగుతుంది. తొందరగా తెలిస్తే ఆపడానికి వీలుంటుంది. నీకు ఏమైనా అడగాలని ఉంటే అడుగు, తర్వాతే మొదలుపెడదాం."

చదివి వినిపించినప్పుడు నేను ఒక్క అక్షరం దిద్దలేదు. మా మేనత్త విని ఉంటే కూర్చునేదో లేచి వెళ్ళేదో నాకు తెలియదు. ఆమెకు ఆ అవకాశం అయినా ఉండేది.

మిత్రులారా, మీలో వైద్యులు ఉన్నారు, వైద్యుల తల్లిదండ్రులు ఉన్నారు. పై మాటలలో శాస్త్రదోషం ఉంటే వ్యాఖ్య ద్వారా తెలుపగలరు, దిద్దుకుంటాను. తెలంగాణ, రాయలసీమ మిత్రులు తమ ఊళ్ళలో ఈ పరీక్షను ఏమంటారో, ఆ పుండును ఏ పేరుతో పిలుస్తారో వ్రాస్తే ఆ మాటలన్నీ కూర్చి మా మనవరాలికి పంపుతాను. ఆమె తన తోటివారికి ఇస్తానన్నది. అలాగే, మీ ఇంట్లో ఎవరికైనా నోటిలో పుండు రెండు వారాలుగా మానకుండా ఉన్నట్లయితే, ఈ టపాకు వ్యాఖ్య తరువాత వ్రాయవచ్చు. ముందు వారిని తీసుకొని డాక్టరు వద్దకు బయలుదేరండి.

స్వస్తి.